తూము గోడను మొదట తాకినవాడు

మానవజాతి చేసిన ఘనకార్యాల్లో చాలావాటికి ఆద్యులెవరో ఎవరికీ తెలీదు. నిప్పు ఎవరు రాజేశారో తెలీదు. చక్రం ఎవరు దొర్లించారో తెలీదు. ఆవకాయలో మొట్టమొదట వెల్లుల్లి రెబ్బ పడేసిన సాహసి ఎవరో అసలే తెలీదు. కానీ జగ్గయ్యపేట శివార్లలో, టీచర్ల కాలనీ నుంచి సాగర్ కాలవ దాకా పొద్దున్నే నడిచేవాళ్లందరూ అక్కడి తూము గోడని అరచేత్తో తాకి, అప్పుడే వెనక్కి తిరగాలనే ఆచారాన్ని ఎవరు నెలకొల్పారో మాత్రం చరిత్రకి స్పష్టంగా తెలుసు. ఉమాకాంతం మాస్టారు.

తూము గోడంటే గొప్ప కట్టడమేమీ కాదు. పెద్ద కాలవలోంచి పొలాలకి నీళ్లు వదిలేచోట, నడుమెత్తు రాతి గోడ. దాని మీద ఎవరో ఎప్పుడో ఎర్ర రంగుతో రాసిన అంకె సగం వెలిసిపోయి, మూడో ఎనిమిదో తేల్చుకోలేని స్థితిలో ఉంటుంది. కాలనీ చివర్నించి పొలాలకి బళ్లు పోయే డొంక సరిగ్గా ఆ గోడ దగ్గర ఆగిపోతుంది. కాబట్టి నడిచేవాళ్లు ఎవరైనా అక్కడ ఆగాల్సిందే, తిరగాల్సిందే. తాకాల్సిన అవసరం మాత్రం సృష్టిలో ఎక్కడా లేదు.

అయినా ఉమాకాంతం తాకాడు. రిటైరైన కొత్తల్లో ఒక పొద్దున తాకాడు. మర్నాడు ఎందుకో చెయ్యి దానంతటదే వెళ్లింది. ఆ మర్నాడు వెనకే వస్తున్న ప్రేమదాసు చూసి, మాస్టారు తాకారంటే అందులో ఏదో ఉండే ఉంటుందని తనూ తాకాడు. ఆ తర్వాత ఆగలేదు. బ్యాంకాయన తాకాడు, ఎరువుల కొట్టాయన తాకాడు, ఆడవాళ్లు గాజులున్న చేత్తోనా, గాజుల్లేని చేత్తోనా అని తమలో తాము కొంత చర్చించుకుని తాకారు. కొన్నేళ్లకి గోడ మీద ఆ చోటు నల్లగా, నున్నగా, గడప మీద పసుపు నిలిచిపోయినట్టు నిలిచిపోయింది.

ప్రేమదాసు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. టిక్కెట్టు లేని ప్రయాణాన్ని ఆయన జీవితంలో సహించలేదు. గోడ విషయంలోనూ అంతే. కాలనీలోకి కొత్తగా అద్దెకి దిగిన ఒక ఇంజనీరు పాపం తెలీక తాకకుండా తిరిగి సగం దూరం వచ్చేస్తే, డొంక మధ్యలో చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"సార్, మీరు తాకలా."

"దేన్నండీ?"

"గోడని. నేను చూశాగా. వేలి కొసలు గూడా తగల్లా."

"తాక్కపోతే ఏవవుతుంది?"

"ఏవీ కాదు. మీరు నడిచినట్టు కాదు, అంతే."

ఇంజనీరు చుట్టూ చూశాడు. నడిచేవాళ్లంతా ఆగి ఆయన వైపు జాలిగా చూస్తున్నారు. వెనక్కి వెళ్లి తాకి వచ్చాడు.

ఈ స్పర్శకి అర్థమేమిటన్నదాని మీద కాలనీలో పలు వాదాలు పుట్టాయి. పొద్దున్నే చల్లటి రాయి తాకితే బీపీ దిగుతుందని బ్యాంకాయన వాదం. అరచేతిలో నరానికీ గుండెకీ సంబంధం ఉందని ఎరువుల కొట్టాయన వాదం. పంట నీళ్లిచ్చే తల్లికి నమస్కారం అని ఆడవాళ్లు. మూలపురుషుణ్ణే అడుగుదామని "అసలు మీరెందుకు తాకారు మాస్టారూ?" అంటే, ఉమాకాంతం చిన్నగా నవ్వి, కాలవలో నీళ్లుంటే నీళ్లవైపు, లేకపోతే నీళ్లుండాల్సిన వైపు చూసేవాడు. అంత లోతైన విషయం మాటల్లో చెప్పలేకపోతున్నాడని అందరూ అర్థం చేసుకున్నారు.

ఈ మతానికి కాలనీ మొత్తంలో ఒకే ఒక్క నాస్తికురాలు ఉంది. ఆవిడ మూలపురుషుడి భార్యే.

కనకవల్లిది నందిగామ. లెక్కల టీచరు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ చిల్లకల్లు దగ్గర హైవే మీద బస్సు దిగి, లోపలి ఊళ్లో బడికి రోజూ నడిచి వెళ్లి, నడిచి వచ్చింది. బడిగంట కంటే ముందు టీచరుగారి చెప్పుల చప్పుడు వినిపించేదని, ఆ చప్పుడికే పిల్లలు పలకలు తీసేవాళ్లని ఆ ఊరివాళ్లు ఇప్పటికీ చెప్తారు. ఉమాకాంతం సోషల్ మాస్టారు. ముక్త్యాలలో కొన్నాళ్లు, మైలవరంలో కొన్నాళ్లు, ఇటూ అటూ తిరిగి రాజులు తవ్వించిన చెరువుల గురించీ, నాటించిన చెట్ల గురించీ చెప్పాడు. అందుకో ఏమో, ఆయన నడకలో తొందరుండేది కాదు. ప్రతి చెట్టు దగ్గరా ఆగి, పైనుంచి కిందకి చూసి, మార్కులు వేసినట్టు తలాడించి కదిలేవాడు. పెళ్లైన కొత్తలో ముక్త్యాలలో కృష్ణ ఒడ్డుకి షికారు వెళ్తే కనకవల్లి ఎక్కడో ముందు, ఉమాకాంతం ఎక్కడో వెనక. ఒడ్డున చేపలమ్మే మనిషి ఇద్దరికీ విడివిడిగా బేరం చెప్పింది, ఇద్దరూ కొనేవాళ్లు కాదన్నది వేరే సంగతి.

రిటైరయ్యాక డొంకలోనూ అదే వరస. ఆవిడ తూము దగ్గరికి ముందు చేరేది. గోడకి జానెడు దూరంలో ఆగేది. కొంగు సర్దుకుని, తాకకుండా చక్కా తిరిగేది. ఒక్క ఆవిడ విషయంలోనే ప్రేమదాసు చెయ్యి అడ్డం పెట్టలేకపోయాడు. ఒకసారి ధైర్యం చేసి "టీచరుగారూ, తాకలా మీరు" అన్నాడు.

"నేనొచ్చానని గోడకి తెలుసులే ప్రేమదాసుగారూ. సంతకం పెట్టక్కర్లా" అంది కనకవల్లి.

ఆ తర్వాత ప్రేమదాసు ఆవిణ్ణి పాసున్న ప్రయాణికుల కింద లెక్కగట్టి ఊరుకున్నాడు.

అంత నడిచిన మోకాలు అరిగిపోయింది. కుడిది. విజయవాడ తీసుకెళ్లి మార్పించారు. ఆపరేషన్ బాగా జరిగింది, కుట్లు బాగా మానాయి, ఎక్స్‌రేలో కొత్త మోకాలు వెండి గిన్నెలా మెరిసింది. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క నడక తప్ప. కనకవల్లి హాల్లోంచి గేటు దాకా వచ్చేది, గేటు మీద చెయ్యి వేసి నిలబడేది, వెనక్కి తిరిగేది. ఫిజియోథెరపీ చేయించడానికి నందిగామ నుంచి ఆమని అని ఒకమ్మాయి స్కూటీ మీద వచ్చేది. మంచి పిల్ల, మాట మాత్రం సూటిగా ఉంటుంది.

"మేడం, హాల్లో నడిస్తే ఆ సంగతి మీ టీవీకి తెలుస్తుంది, మోకాలికి తెలీదు. బయటికి వెళ్లాలి."

"రేపట్నించి వెళ్తాలే అమ్మా."

"పోయిన వారం కూడా రేపే అన్నారు. ఇంకొన్నాళ్లు ఇలాగే కూర్చుంటే కాలు బిగుసుకుపోద్దండీ. వంగడం మానేస్తుంది. అప్పుడు నేను రోజూ వచ్చినా, ఏం చేసినా రాదు." గేటు దగ్గర స్కూటీ ఎక్కుతూ, వెనకే వచ్చిన ఉమాకాంతంతో గొంతు తగ్గించి ఇంకో మాట అంది. "సార్, ఇప్పుడే నడిపించాలి. తర్వాత అనుకుని లాభం లేదు."

ఆ మాట ఉమాకాంతం మీద రాయిలా కూర్చుంది. ఆయన మామూలుగానే పొద్దున వెళ్లొచ్చి, మెట్ల మీద కూర్చుని, కాఫీ తాగుతూ డొంక విశేషాలన్నీ ఆవిడకి చెప్పేవాడు. ప్రేమదాసు ఎవర్ని పట్టుకున్నాడు, పత్తి ఎంతవరకు తీశారు, కాలవలో నీళ్లొదిలారా, బ్యాంకాయన కొత్త బూట్లు ఎలా కిర్రుమంటున్నాయి. ఆవిడ నవ్వేది, అడిగేది. ఒకరోజు ఆయనకి సందేహం వచ్చింది. డొంకనంతా రోజూ మోసుకొచ్చి ఇంట్లో దింపుతుంటే ఈవిడ డొంకకి ఎందుకు వెళ్తుంది? మర్నాటి నుంచి సమ్మె కట్టాడు.

"ఇవాళ ప్రేమదాసు ఎవర్ని పట్టాడు?"

"వచ్చి చూసుకో."

కనకవల్లి కాఫీ గ్లాసు అందించింది. సమ్మె మధ్యాహ్నం భోజనాల దాకా నిలబడింది. పెరుగన్నం దగ్గర ఉమాకాంతమే ఓడిపోయి, బ్యాంకాయన బూటు ఊడిన సంగతి చెప్పేశాడు. ఆవిడ నవ్వి, నవ్వు ఆపి, ఉన్నట్టుండి అసలు మాట చెప్పింది.

"గేటు దగ్గర నిలబడితేనే పోయేవాళ్లందరూ ఆగి 'అయ్యో టీచరుగారూ' అంటున్నారు. ఇన్నేళ్లు వాళ్లందర్నీ దాటుకుంటూ నడిచా. ఇప్పుడు ఈ కర్రేసుకుని, ఈ కుంటి నడక వాళ్లకి చూపించుకుంటూ, వాళ్ల అయ్యోలు మోసుకుంటూ తూము దాకా వెళ్లమంటారా? కొత్త మోకాలు నన్ను మోస్తుందేమో గానీ, అయ్యోల్ని మొయ్యలేదండీ."

ఉమాకాంతం చెప్పిన సోషల్ పుస్తకాల్లో దీనికి పాఠం లేదు.

సరిగ్గా ఈ రోజుల్లోనే భవానీప్రసాద్ డొంకని ఉద్ధరించాడు. ఆయనకి మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది, పొలాలున్నాయి, ఈ మధ్యనే షుగరు కూడా వచ్చింది. సైకిలు తొక్కమని డాక్టరు చెప్పాడు. ఆయన చేసే పని ఏదీ చిన్నగా చెయ్యడు కాబట్టి గేర్ల సైకిలు తెప్పించి, హెల్మెట్టూ నల్ల కళ్లద్దాలూ పెట్టుకుని డొంకలో బయల్దేరాడు. గతుకులకి నడుం పట్టేసి ఆటోలో తిరిగొచ్చాడు. పూర్వం రాజులు జైత్రయాత్రలో దాహమేసిన చోట చెరువు తవ్వించినట్టు, ఆయన తన నడుం పట్టిన చోట ట్రాకు వేయిస్తానని ప్రకటించాడు. వేయించాడు కూడా, తండ్రిగారి పేరు మీద. డొంక పొడుగునా నున్నటి సిమెంటు దారి. నడిచేవాళ్లకి సగం ఆకుపచ్చ, సైకిళ్లకి సగం ఎరుపు, మధ్యన పసుపు గీత. అక్కడక్కడా బెంచీలు. బెంచీ ఇచ్చినవాళ్ల పేర్లు వెనక చెక్కించారు, కూర్చునేచోటి కంటే పేర్లుండేచోటే విశాలంగా వచ్చింది.

ఒక చిక్కు వచ్చింది. కాలవవాళ్ల రూలు ప్రకారం తూముకి దగ్గర్లో కొత్త కట్టడమేదీ ఉండకూడదు. అందుకని ట్రాకు గోడకి కాస్త ఇవతలే ఆగిపోయింది. మిగిలిన ఆ కాస్త దూరం పాత డొంకే, కంకరే. కాలనీలో కలకలం పుట్టింది. కొత్త బూట్లతో కంకరలోకి దిగేదెవరు? దిగకపోతే తాకేదేమిటి? తాకకుండా తిరిగితే నడిచినట్టెలా?

భవానీప్రసాద్ ఈ ధర్మసందేహాన్ని కూడా తీర్చాడు. ట్రాకు చివర, తాకడానికే ప్రత్యేకంగా, ఒక కొత్త గోడ కట్టించాడు. నల్ల గ్రానైటు పలక, దాని మీద బంగారు రంగు అక్షరాలు, మధ్యలో తవ్విన అరచెయ్యి గుర్తు. గుర్తు ఎవరి చేతిదై ఉండాలన్నదాని మీద చర్చే లేదు. మేస్త్రీ ఉమాకాంతం ఇంటికొచ్చి, ఆయన చేతిని కాగితం మీద పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసుకుపోయాడు.

మేస్త్రీ వెనకాలే భవానీప్రసాద్ వచ్చాడు.

"మాస్టారూ, ఆదివారం పొద్దున్నే ఓపెనింగండీ. మీరు మాట్లాడాలి."

"నేనేం మాట్లాడతానయ్యా?"

"భలేవారే. మొదట ఎందుకు తాకారో చెప్పండి. ఇన్నేళ్లు దాచారు, ఇంకెన్నాళ్లు దాస్తారండీ? మైకు పెట్టిస్తున్నా. ట్రాకు చివరిదాకా ప్రతి స్తంభానికీ హారను. పొలాల్లో వాళ్లు కూడా వినాలి."

ఆయన వెళ్లాక ఉమాకాంతం పెన్సిలు గీత అంటిన తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు. జీవితమంతా పిల్లలకి, ఆధారం లేని మాట చరిత్ర కాదని చెప్పిన మనిషి. ఆధారం ఉంది గానీ, అది మైకులో చెప్పేది కాదు. గుమ్మంలో నిలబడి అంతా విన్న కనకవల్లి మెల్లగా వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఇంతకీ ఎందుకు తాకారండీ?"

"నువ్వెప్పుడూ అడగలేదుగా."

"నమ్మనిదాన్ని, నాకెందుకని అడగలా. ఇప్పుడడుగుతున్నా. చెప్పండి."

ఉమాకాంతం నోరు తెరిచాడు. ఏం చెప్పబోయాడో తెలీదు గానీ, నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"గోడ దగ్గర చెప్తా."

"ఇక్కడ చెప్తే గోడ ఏవన్నా అనుకుంటుందా?"

"అక్కడైతేనే చెప్తా. రా, వస్తే చెప్తా."

కనకవల్లి ఆయన మొహంలోకి తేరిపార చూసింది. ఆ సంసారంలో రహస్యాలు లేవు. ఆయన బీపీ మాత్ర ఏ రోజు మింగలేదో ఆవిడకి తెలుసు. ఆయన జంతికల డబ్బా ఏ అల్మారా వెనక దాస్తాడో తెలుసు. ఆయన దగ్గర ఆవిడకి తెలియనిది ఈ ఒక్కటే మిగిలింది. లెక్కల టీచరు ఒక్క లెక్కని వదిలేసి నిద్రపోగలదా? మర్నాడు ఆమని వచ్చేసరికి చెప్పులేసుకుని గేటు బయట నిలబడి ఉంది. సందు చివరిదాకా వెళ్లారు. ఆ పైరోజు మలుపు దాకా వెళ్లారు. "ఏం మందేశారు సార్?" అంది ఆమని. ఉమాకాంతం కాలవ వైపు చూసే తన పాత నవ్వు నవ్వాడు.

లోపల మాత్రం ఆయనకి నవ్వు రావడంలేదు. తన దగ్గరున్న రహస్యం ఎంత చిన్నదో ఆయనకొక్కడికే తెలుసు. దాని కోసం ఆవిడ ఆ కాలుని ఈడ్చుకుంటూ అంత దూరం వచ్చి, విని, "ఇంతేనా?" అంటే? ఆ మాట తర్వాత మళ్లీ గేటు దాటుతుందా?

"ఆదివారమే వెళ్దాం" అంది కనకవల్లి శనివారం రాత్రి చపాతీలు వత్తుతూ. "జనమంతా షామియానా పనుల్లో ఉంటారు. ట్రాకు మీద ఒక్కరూ ఉండరు."

"ఆదివారం నేను మాట్లాడాలి కనకం."

"తెల్లారకముందే వెళ్లి వచ్చేస్తాంగా. నేను నడిస్తే ఎంతసేపు?"

పాత నడకని తల్చుకుని అన్న మాట అది. ఉమాకాంతం దిద్దలేదు.

ఆదివారం మసకచీకట్లోనే బయల్దేరారు. ట్రాకు మొదట్లో షామియానా కుర్రాళ్లు కుర్చీలు దింపుతున్నారు, వీళ్లని ఎవరూ పట్టించుకోలేదు. ట్రాకెక్కాక వెలుతురొచ్చేసరికి ఒక విడ్డూరం కనిపించింది. సైకిళ్ల దారంతా ఎర్రగా, రంగు కంటే ఎర్రగా ఉంది. మిరపకాయలు. నున్నటి సిమెంటు, పైన ఎండ, చుట్టూ కోతలు. ఏ రైతుకైనా ఇది కళ్లమనిపిస్తుంది తప్ప సైకిళ్ల కోసమని ఎలా తోస్తుంది? పక్క పొలం వెంకటరత్నం తన కాయంతా తెచ్చి బారుగా ఆరబోశాడు. తియ్యమని భవానీప్రసాద్ గట్టిగా అనలేడు, ఆ కాయ రేపు రావాల్సింది ఆయన కోల్డ్ స్టోరేజీకే.

కాయ దగ్గర కాపలా ఉన్న పుష్పవతి లేచి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. కనకవల్లి కర్ర బిగించి పట్టుకుంది. ఇప్పుడొస్తుంది 'అయ్యో' అనుకుంది.

"టీచరమ్మా, కర్ర ఇటు పెట్టమాక. కాయ నలుగుద్ది" అంది పుష్పవతి.

"పెట్టన్లే పుష్పా."

"ఆ అంచునే పో. పసుపు గీత దాటమాక."

దాటి కొంత దూరం వెళ్లాక కనకవల్లి ఆగింది. మొహం విప్పారింది. "చూశారా? ఒక్క మనిషి మోకాలి సంగతి అడగలేదు" అని, ఘాటుకి గట్టిగా తుమ్మి, కదిలింది.

ఉమాకాంతానికి ఆ పొద్దున కొత్త కష్టం వచ్చి పడింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆవిడ కంటే ముందుకు వెళ్లిపోకుండా జాగ్రత్తపడాల్సి వస్తోంది. పాత విద్యే ఉపయోగపడింది. వేపచెట్టు కనబడితే ఆగాడు. తుమ్మచెట్టు కనబడితే ఆగాడు. చెట్టు లేని చోట కరెంటు స్తంభం దగ్గర కూడా ఆగి, పైనుంచి కిందకి చూసి తలాడించాడు. కనకవల్లి కర్ర టకటకమనిపించుకుంటూ ఆయన్ని దాటిపోయేది.

"ఆ స్తంభానికి ఎన్ని మార్కులేశారు?" అంది వెనక్కి తిరక్కుండానే.

"పాసయింది."

సగం దూరంలో బెంచీ మీద కూర్చున్నారు. ఎండ బెంచీ మీది పేర్లదాకా వచ్చింది. అప్పుడే వాళ్ల నెత్తి మీది హారను గరగరమంది.

"హలో, హలో. మాస్టారు ఎక్కడున్నా గానీ వేదిక దగ్గరికి రావాలండి." ప్రేమదాసు గొంతు. "అందరూ ఎక్కేశారు, మాస్టారొక్కరే తక్కువ. మాస్టారు ఎక్కితే బండి కదులుద్ది."

కనకవల్లి ఉలిక్కిపడింది. "అప్పుడే టైమైందా? వెళ్లండి మీరు. నేనిక్కడే కూచుంటా. మాట్లాడి రండి."

ఉమాకాంతం వెనక్కి చూశాడు. ముందుకి చూశాడు. ఆవిడ ఈ బెంచీ మీద ఒంటరిగా కూర్చుని, జనం కంటపడి, ఇంటికి తిరిగి వెళ్లిపోతే మళ్లీ రాదని ఆయనకి తెలుసు.

"లే. పోదాం."

"అయ్యో, అంతమంది మీకోసం ఎదురు చూస్తుంటే..."

"నువ్వూ అయ్యో అంటావా?"

ఆవిడ పకపకా నవ్వింది. నవ్వుతూనే ఆయన చెయ్యి పట్టుకుని లేచింది.

ట్రాకు చివర కొత్త గోడ పసుపుబట్ట కప్పుకుని ఆవిష్కరణ కోసం నిలబడి ఉంది. కనకవల్లి బట్ట అంచు ఎత్తి తొంగిచూసింది.

"మీ చెయ్యేనా ఇది?"

"నాదే."

"చిటికెన వేలు వంకర బాగా వచ్చింది" అని బట్ట సర్ది, చీర కుచ్చిళ్లు సర్దినట్టు తట్టింది. ఆయాసపడుతోంది. ఉమాకాంతానికి ఆ ఆయాసం చూస్తే మనసాగలేదు.

"ఇక్కడే చెప్పనా? ఇదీ గోడేగా."

"ఇంత దూరం వచ్చి డూప్లికేటు దగ్గర వింటానా? అసలు దాని దగ్గరికే పదండి."

కంకరలోకి దిగారు. ఆవిడ కర్ర ఎడంచేతికి మార్చుకుని, కుడిచెయ్యి ఆయన భుజం మీద వేసింది. రాళ్ల మీద ఒక్కో అడుగూ చూసుకుని వేస్తూ, ఇద్దరూ ఒకే వేగంతో నడిచారు. బహుశా అదే మొదటిసారి. కాలవలో నీళ్లున్నాయి. తూము సందులోంచి సన్నగా పారుతున్న చప్పుడు వినిపిస్తోంది. కనకవల్లి తన పాత చోటులో, గోడకి సరిగ్గా జానెడు దూరంలో ఆగింది.

"ఊఁ. చెప్పండి."

ఉమాకాంతం గొంతు సవరించుకున్నాడు. ఆయన కంటే ముందు హారను మాట్లాడింది.

"మాస్టారు రాలేదు కాబట్టి నాలుగు ముక్కలు నేను చెప్తానండి. మాస్టారి తర్వాత మొదట తాకింది నేనే గాబట్టి నాకు కొంత హక్కుంది. ఆ రోజు పొద్దున మాస్టారు ఏం చేశారూ? ముందు ఆకాశం వంక చూశారు. ఆ తర్వాత నీళ్ల వంక చూశారు. ఈ నేలకి, ఈ నీళ్లకి, మన పెద్దలందరికీ దణ్ణం పెట్టుకుని..."

చప్పట్లు వినిపించాయి. పొలాల్లో కొంగలు లేచాయి.

"నిజవేనా?" అంది కనకవల్లి.

"ప్రేమదాసు ఆ రోజు లేడు."

"మరి?"

ఉమాకాంతం నీళ్ల వైపు చూడబోయాడు. అలవాటు. ఈసారి ఆ చూపు పనిచెయ్యదని తెలిసి ఆపాడు. మాటలు వెతుక్కుంటుంటే కనకవల్లి మొహం చిట్లించింది.

"ఉండండుండండి. చెప్పులో ఏదో దూరింది. గుచ్చుతోంది."

ఎడమ కాలి మీద బరువు ఆపుకుని, కర్ర ఆయన చేతికిచ్చి, చెయ్యి చాపి గోడకి ఆనుకుంది. అరచెయ్యి పూర్తిగా ఆనింది. ఇన్నేళ్లుగా ఊరంతా తాకిన ఆ నల్లటి నున్నటి చోటునే ఆనింది. కుడి కాలు మెల్లగా వెనక్కి ఎత్తింది. మోకాలు వంగింది. ఇంట్లో ఎన్నడూ వంగనంతగా, ఆమని చూస్తే స్కూటీ మీద నుంచి దూకేంతగా వంగింది. తను ఏం చేసిందో ఆవిడకి తెలీదు, ఆవిడ దృష్టంతా చెప్పు మీదే ఉంది.

ఉమాకాంతం కర్ర గోడకి చేరేసి, కంకరలో గొంతుక్కూర్చున్నాడు. చెప్పు విప్పి రెండుసార్లు దులిపాడు. సెనగ బద్దంత రాయి రాలింది. ఆవిడ పాదాన్ని తన మోకాలి మీద పెట్టుకుని, అంటిన మట్టి ఉత్తరీయంతో తుడిచి, మళ్లీ చెప్పు తొడిగాడు. తొడిగాక కూడా వెంటనే లేవలేదు.

దూరంగా బాజాలు మొదలయ్యాయి. "అందరం గోడ దగ్గరికి పోదాం, రైట్ రైట్" అంటున్నాడు ప్రేమదాసు. షామియానా వైపు నుంచి జనం, వాళ్ల ముందు భవానీప్రసాద్ గేర్ల సైకిలు, మిరపకాయల్ని తప్పించుకుంటూ ఆకుపచ్చ దారిలో కదిలొస్తున్నారు.

"వచ్చేస్తున్నారు కనకం. అటు గట్టు దిగి పోదామా?"

కనకవల్లి అటు చూసింది. చెయ్యి గోడ మీద నుంచి తియ్యలేదు.

"రానివ్వండి. వాళ్లు ఇక్కడిదాకా వచ్చేలోపు మీరు చెప్పండి."

ఉమాకాంతం కిందపడ్డ రాయి తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. తర్వాత గోడ మీద ఆవిడ చేతిని చూశాడు.

"ఇదే" అన్నాడు. "ఆ రోజు నా చెప్పులోనూ రాయి దూరింది. తీసుకోడానికి ఆనుకున్నా."

'ఇంతేనా?' అనే ఆ ఒక్క మాట కోసం ఆయన చెవులు రిక్కించి ఎదురుచూశాడు. ఆవిడ ఆ మాట అనలేదు. రాయి వంక, ఆయన వంక, తన చేతి వంక మార్చి మార్చి చూసింది.

"ఏ కాలు?" అంది.

"ఎడంకాలు."